మా గుమ్మంలో ధర్నా

పిల్లలకు ఫోన్ మాన్పించడం గురించి ఉపన్యాసాలు దంచే పెద్దలారా, కాస్త ఆగండి. ఈ సాయంత్రం మాదన్నపేట మార్కెట్ నుంచి కూరగాయల సంచులతో వచ్చేసరికి, పదేళ్ల మా అమ్మాయి సమత గుమ్మానికి అడ్డంగా బైఠాయించి ఉంది. చేతిలో అట్టముక్క, దాని మీద "ఏకపక్ష నిర్ణయం నశించాలి!" పక్కనే సంఘీభావంగా మా అత్తమ్మ.

ఆ నిర్ణయం నాదే. రోజుకు అరగంటే ఫోన్ అని నిన్న ప్రకటించి, ఆడుతుండగానే లాక్కున్నాను.

"ఏందే ఈ లొల్లి? లే, కమిటీ వేద్దాం" అన్నాను.

"కమిటీ అంటే మోసమని మైకుల నువ్వే చెప్తవ్ గదమ్మా!"

"బిడ్డ అడిగేది న్యాయమే" అని అత్తమ్మ వంత.

ఊళ్లో ధర్నాలన్నిటికీ వెళ్లే నేను చచ్చినట్టు చర్చలకు కూర్చున్నాను. "సరే, నీ డిమాండ్ ఏంది?"

"అరగంట చాలు. గని ఆట నడుమల గుంజుకోకు. అయిపోంగనే నేనే ఇస్త."

అంతే! గంట అడుగుతుందని నేను బోలెడు వాదనలు సిద్ధం చేసుకున్నాను.

హద్దు ఉండాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ రోడ్డు మీద ప్రజాస్వామ్యం కోరి, ఇంట్లో హుకుం నడపడమేంటండీ? పిల్లల్ని ఒక్క మాట అడిగితే మన కిరీటాలేమైనా ఊడిపోతాయా?

ఇందాక ఆట ముగియగానే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "సూడు, నేనే ఇచ్చిన. నువ్వు గుంజుకోలే" అంది, గెలిచిన నాయకురాలిలా.

మీ ఇళ్లలో చర్చలు జరుగుతున్నాయా, నేరుగా లాఠీచార్జేనా? నిజం చెప్పండి.