గాలి ఆడని కొట్టం

హానస్ ఉన్నన్నాళ్లూ పొద్దున లేవగానే ఇంటి వెనక మాంసం కొట్టంలోకి వెళ్లేవాడు. వేలాడే గొర్రె తొడలకు ముక్కు ఆనించి గాలి పీల్చి, వంటింటి గుమ్మంలోకొచ్చి "బాగుంది" అనేవాడు. అప్పుడే సోల్రున్ కాఫీ పోసేది.

ఫిబ్రవరిలో అతని పడవ తిరిగి రాలేదు. ఈ ఏడాది గొర్రెలను కోసినప్పటి నుంచి వాసన చూడడం సోల్రున్ వంతయింది.

ఆ కొట్టం గోడలకు చెక్క పలకకూ పలకకూ మధ్య వేలు దూరేంత సందు. ఫారో దీవుల్లో మాంసానికి ఉప్పు వేయరు, ఆ సందుల్లోంచి వచ్చే సముద్రపు గాలే ఆరబెడుతుంది. లోపల మేకుకు హానస్ వానకోటు ఇంకా వేలాడుతోంది. దాన్ని చూడలేక సోల్రున్ ఓ వారం అటు పోలేదు. చివరికి కంపే వంటింట్లోకొచ్చింది.

తొమ్మిదేళ్ల కూతురు మారిన్‌తో వెళ్లి తలుపు తీస్తే లోపలంతా చీకటి. సముద్రం వైపు గోడ నిండా గోతాలు మేకులతో కొట్టి ఉన్నాయి. మాంసం మీద పురుగులు.

పక్కింటి సున్నేవ ముక్కుకు శాలువా అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏంటే ఈ కంపు! మీ ఆయన ముక్కు లేకపోయేసరికి ఈగలకు పండగైందే!" అని, వెంటనే నాలుక కరుచుకుంది. "గోతాలు కొట్టిందెవరే? గాలి ఆడకపోతే మాంసం ఉంటుందా?"

"నేనే పెద్దమ్మా. వాన జల్లు నాన్న కోటు మీద పడుతోందని," అంది మారిన్.

చలికాలపు తిండంతా పోయింది. మారిన్ ముఖం మాత్రం చెక్కలా ఉంది. "అయిపోయింది. కాఫీ పెట్టనా అమ్మా?" అని, వేడినీళ్ల బకెట్టూ బ్రష్షూ తెచ్చింది.

ఆ ‘అయిపోయింది’ అన్న మాట హానస్‌ది. పొగమంచులో సగం మంద కొండ మీంచి పడిపోయిన రోజున అన్నాడు. పడవ ఇక రాదన్న రోజున సోల్రున్ కూడా అదే అని, వంటింటి నేల తోమింది. ఎంత నిబ్బరమో అన్నారందరూ. పిల్ల కూడా ఏడవలేదు. అప్పటినుంచీ నిద్రలో పళ్లు కొరుకుతోంది.

సోల్రున్ బకెట్టు లాక్కుని బయట పెట్టింది.

"ఏదైనా పోయిన రోజున మీ నాన్న కాఫీ తాగాక ఇక్కడికొచ్చి ఏడ్చేవాడే."

"నాన్నా?"

"ఆ కోటులో మొహం పెట్టుకుని. నాకు సందుల్లోంచి కనిపించేది. నీకు చూపించలేదు. ఇద్దరం నీకు సగమే చూపించాం."

"నేనే పాడుచేశానమ్మా."

"గోతాలు కొట్టింది నువ్వు. వారం రోజులు తప్పించుకు తిరిగింది నేను. ఇద్దరం పోగొట్టాం." అంటూనే సోల్రున్ తడి గడప మీద కూలబడి, పిల్ల ఎదుటే, మొహం దాచుకోకుండా ఏడ్చింది.

మారిన్ గోతాలు ఒక్కొక్కటే పీకింది. గాలి లోపలికొచ్చి కోటు చేతులు కదిలాయి. అప్పుడు అమ్మ ఒళ్లో పడి, పది నెలల ఏడుపూ ఏడ్చింది.

సున్నేవ కుళ్లిన తొడలు దింపి గోతాల్లోకి వేసింది. "చేపలూ బంగాళాదుంపలతో మార్చి దాకా లాగుదాంలేవే," అంది పోతూ పోతూ. "నేల కడుక్కో. చీకటి పడితే కనపడదు."

"కడగను పెద్దక్కా. ఇవాళ్టికి అలాగే ఉండనీ."

బకెట్టు నీళ్లు గుమ్మం బయట చల్లారిపోయాయి. బ్రష్షు పొడిగానే ఉంది.