నలిగిన చోటు

వీధిలో అందరికీ ఆయన టేపుల బాబాయి. నలభై ఏళ్లుగా మెట్ల కింద గదిలో కూర్చుని క్యాసెట్లు, టేప్‌రికార్డర్లు బాగుచేస్తున్నాడు. పాటలన్నీ ఫోన్లలోకి దూరిపోయాక ఇక కొట్టు మూసేద్దామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే బేరాలు మొదలయ్యాయి. ఇంట్లో టేప్‌రికార్డరైనా లేని కాలేజీ పిల్లలు వచ్చి క్యాసెట్లు కొనుక్కుపోతున్నారు.

"మరి ఎలా వింటార్రా?" అని అడిగితే, "వినడం ఫోన్‌లోనే తాతా, ఇది దగ్గరుంచుకోడానికి" అన్నారు.

ఆ జవాబు పట్టుకుని ఆయన వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. "కొనేవాళ్లకి లేని బాధ మీకెందుకు?" అని భార్య తేల్చేసింది.

ఆ సంగతి అర్థం కాకపోయినా పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. అడిగినదానికన్నా ఒక పిసరు ఎక్కువే చేస్తాడు. ఆయన గొప్పా అదే, జబ్బూ అదే.

మొన్న లెక్కల టీచరొకావిడ పాత క్యాసెట్ తెచ్చింది. లోపల టేపును అదిమిపట్టే స్పాంజి ముక్క ఊడింది, అది అతికిస్తే చాలంది. బాబాయి అతికించాడు. పెట్టి చూస్తే మూడో పాట మధ్యలో గొంతు నీళ్లలో మునిగినట్టు వినిపించింది. టేపు అక్కడ నలిగి ఉంది. చెయ్యి ఊరుకుంటుందా? మూడంగుళాలు కత్తిరించి, కొసలు కలిపి అతికి, ఆ ముక్కను చెత్తబుట్టలో పడేశాడు.

సాయంత్రం వచ్చి విన్న టీచరు ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

"నలిగిన చోటేదండీ?"

"తీసేశానమ్మా. ఇక హాయిగా వినొచ్చు."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. "చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ ఈ క్యాసెట్ కోసం గుంజుకుంటే నలిగిందండీ అది. మూడేళ్ల కిందట ఇల్లు పంచుకునేటప్పుడు మాటా మాటా అనుకున్నాం. అప్పట్నుంచీ వాడు నా ఫోన్ ఎత్తడు. ఏం చెప్పాలో నాకూ తెలీదు. అదొక్కటి వినిపిద్దామనుకున్నా."

"పాట ఫోన్‌లో కూడా ఉంటుంది కదమ్మా?"

"పాటుందండీ. ఆ చోటు లేదు."

నలభై ఏళ్లుగా ఏది తీసెయ్యమని జనం తనను బతిమాలారో, ఈవిడకు అదే కావాలి! తప్పు తనదో, ఆవిడదో, కాలానిదో బాబాయికి అంతుపట్టలేదు. కానీ ఆవిడ కళ్లు చూసి చెత్తబుట్ట నేలమీద బోర్లించాడు. నలిగిన ముక్కలు ఒకటి కాదు, నాలుగున్నాయి. ఒక్కొక్కటే అతికి, విని, ఊడదీశాడు. మొదటిది ఎవరిదో వేరే పాట. రెండోది వట్టి గరగర. మూడోది పెట్టాక గొంతు మునిగి, తేలింది. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. బాగున్న టేపును చెడగొట్టి ఇవ్వడం ఆయనకు ఇదే మొదటిసారి.

తన నంబరైతే తమ్ముడు ఎత్తడని టీచరు బాబాయి ఫోన్ అడిగి తీసుకుని, నంబరు కొట్టి స్పీకర్ పెట్టింది. అటునుంచి "హలో" వినగానే ఏమీ అనకుండా టేపు మీట నొక్కి, ఫోను టేప్‌రికార్డర్ పక్కన పెట్టింది. పాట సాగింది, మునిగింది, తేలింది.  అటు పెట్టేశాడేమోనని బాబాయి ఫోన్ వంక తొంగిచూశాడు.

"లాగింది నువ్వే," అంది మగ గొంతు. "నేనప్పటికే వదిలేశాను. నువ్వే లాగావక్కా."

"అబద్ధాలకోరా, నువ్వే లాగావు!" అని అరిచింది టీచరు. అరుస్తూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఒకరి మాట ఒకరు విననివ్వకుండా ఇద్దరూ దెబ్బలాటకు దిగారు. వాళ్లకు సర్దిచెప్పాలో, ఊరుకోవాలో తెలియక బాబాయి కత్తెర చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.