స్పాంజి కండల పహిల్వాన్

నా చిన్నప్పుడు గట్టిగా గాలి వీస్తే దిల్‌సుఖ్‌నగర్‌లో లేచి ఎల్బీనగర్‌లో దిగేవాడిని. సరే, అంత లేదు. లాగు మాత్రం జారేది. అలాంటి నాకు బడి వార్షికోత్సవ నాటకంలో పహిల్వాన్ వేషం మీద మనసు పడింది. మాటలన్నీ నాకు నోటికొచ్చు. ఒంట్లోనే ఏమీ లేదు. కోస్తా నుంచి వచ్చిన మా తెలుగు మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు స్టేజీ ఎక్కితే జనం చప్పట్లు కొట్టరురా, పిలిచి అన్నం పెడతారు. సోమవారంలోగా కండలు తెచ్చుకో, లేకపోతే వేషం ఇంకొకడికిస్తా" అన్నారు.

మా మేనమామకు దిల్‌సుఖ్‌నగర్‌లో స్కూటర్ సీట్లు కుట్టే దుకాణం ఉండేది. ఏడుస్తూ వెళ్లి సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. నా పాత బనియన్ మీద స్పాంజి ముక్కలు సొల్యూషన్‌తో అతికించడం మొదలుపెట్టాడు. "ఇంకా పెట్టు మామా" అన్నాను. పెట్టాడు. "ఇంకా" అన్నాను. మళ్లీ పెట్టాడు. చివరికి అది నాకు తొడిగి అద్దం ముందు నిలబెట్టాడు. మా అత్త చూసి కడుపు పట్టుకుని నవ్వింది.

"పహిల్వాన్ ఏడున్నడు రా? పరుపుకు తలకాయ మొలిచినట్టున్నది!"

అప్పుడు మామ బ్లేడు తీశాడు. రొమ్ము నడుమ ఒక కాలువ, భుజం కింద ఒక పల్లం, పొట్ట మీద అడ్డంగా చాళ్లు చెక్కుకుంటూ పోయాడు. కింద రాలుతున్న స్పాంజిని చూసి నా ప్రాణం ఉసూరుమంది.

"ఉన్న కండలు గూడ తీసేస్తున్నవేంది మామా?"

"జర ఆగు అల్లుడా. అంతా ఉబ్బే ఉంటే ఏది కండనో ఎవరికెరుక? పక్కన గుంట ఉంటెనే గది కండ."

తర్వాత రబ్బరు పాలలో ఒంటిరంగు కలిపి, కుంచెతో పూత మీద పూత వేశాడు. ఆరేసరికి అది చర్మంలా బిగిసింది. సోమవారం మాస్టారు నా భుజం నొక్కి చూసి, "ఒరేయ్, నువ్వేనా? వేషం నీదేరా!" అన్నారు.

నాటకం నాడు తెర లేవగానే ఈలలతో పందిరి దద్దరిల్లింది. కుస్తీ ఘట్టంలో ముగ్గురిని ఒంటిచేత్తో లేపి అవతల పడేశాను. మామ బెంచీ ఎక్కి మరీ చప్పట్లు కొట్టాడు.

ముగ్గురు కాదులెండి, ఒక్కడే. వాడు కూడా సగం తానే ఎగిరాడు. ఏ గొప్ప చెప్పినా దాని పక్కన ఇలా ఓ గుంట చెక్కడం నాకు ఆ రోజు నుంచే అలవాటు. అందుకే ఈ వయసులోనూ నా మాట కాస్తో కూస్తో నమ్ముతారు. కానీ ఆ చప్పట్లు మాత్రం నిజం. అక్కడ బ్లేడు పెట్టనివ్వను.