అరచేతికి తెలియని వేడి

దయ్యాలంటే నాకు నవ్వే. అనుమసముద్రంపేట దర్గా దగ్గరే మా పుట్టిల్లు. గాలి సోకిందని ఊగిపోయేవాళ్లను, వాళ్లను పట్టుకుని ఏడ్చే తల్లులను చూస్తూనే పెరిగాను. దర్గా మీద నాకు భక్తి ఉంది. గాలీ ధూళీ మీద మాత్రం రవ్వంత నమ్మకం లేదు. ఇప్పుడు చెప్పబోయేది విని మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మీ చోట ఉంటే నేనూ నవ్వేదాన్నే.

ఆత్మకూరులో మా ఇంటి ముందుగదిలో ఆడవాళ్లకు మసాజ్ చేస్తాను. చెన్నైలో ఆరేళ్లు ఒక పార్లర్‌లో పనిచేసి నేర్చుకున్నాను. నున్నటి నల్లరాళ్లను నీళ్లలో వేడిచేసి, తువ్వాలు పరిచి, వీపు మీదా అరికాళ్ల మీదా పెడతాం. ఒళ్లు వదులై చాలామంది అక్కడే నిద్రపోతారు.

కానీ చాలా జాగ్రత్తగా చేయాల్సిన పని. నాకు నేర్పిన మేడమ్ ఒకటే మాట చెప్పేది. థర్మామీటర్ నీళ్ల వేడి చెబుతుంది, రాయి వేడి నీ చెయ్యే చెప్పాలి అని. అందుకే ప్రతి రాయినీ పది లెక్కపెట్టేదాకా గుప్పిట్లో పట్టుకుంటాను. నేను ఓర్చుకోలేని రాయి ఎవరి ఒంటి మీదా పెట్టను. షుగర్‌తో కాళ్లలో స్పర్శ పోయినవాళ్లకైతే అసలే పెట్టను. వాళ్లకు కాలినా తెలియదు. పుండు పడితే కాలు తీసేసేదాకా పోతుంది.

పోయిన చలికాలం ఒక మధ్యాహ్నం సీతారామపురం వైపు నుంచి రమణమ్మ అవ్వ వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. మేకల వెంట తిరిగి తిరిగి నడుం పట్టేసిందట. షుగర్ ఉందా అని రెండుసార్లు అడిగాను. లేదంది. కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

బల్ల మీద పడుకోవడానికి అవ్వ భయపడింది. నవ్వించాలని, రెండు చేతులూ ఆమె తల చుట్టూ తిప్పి నా కణతల మీద మెటికలు విరిచాను. మా అమ్మమ్మ, మా నానీ, దీన్ని బలాయిలు తీయడం అనేది. అంటే ఎదుటివాళ్ల కీడు మన మీదికి తీసుకోవడం. పెద్దవాళ్లు పిల్లలకు తీస్తారు గానీ పిల్లలు పెద్దలకు తీయరు. నేను ఆటకు తీశాను. "నీ బాధంతా నాకు రానీలే అవ్వా" అని కూడా అన్నాను. పది వేళ్లూ పటపటమన్నాయి. అవ్వ బోసినోటితో నవ్వి పడుకుంది.

వీపు పని బాగానే జరిగింది. పాదాల దగ్గరికి వచ్చేసరికి రాయి గుప్పిట్లో చల్లగా తగిలింది. మళ్లీ నీళ్లలో వేశాను. గరిటెతో తీసి పట్టుకుంటే అప్పుడూ చల్లగానే ఉంది. థర్మామీటర్ ముల్లు పైపైకి పోతోంది. అది చెడిపోయిందనుకున్నాను. నీళ్లు కుతకుతలాడేదాకా వేడి పెంచాను. అయినా రాయి ఏటినీళ్లలోంచి తీసినట్టే ఉంది.

మేడమ్ మాట తలుచుకుని నా చెయ్యినే నమ్మాను. తువ్వాలు కూడా తీసేసి రెండు రాళ్లు నేరుగా అవ్వ అరికాళ్ల మీద పెట్టాను.

మూడో రాయి నా చేతిలోంచి జారబోతే కూతురు అందుకుంది. అందుకున్నదల్లా కెవ్వుమని వదిలేసింది.

"కాలిపోతా ఉండాదక్కా!"

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. రాళ్లు లాగి పడేసి అవ్వ కాళ్లు చూశాను. కనీసం ఎర్రబడలేదు. కూతురు అప్పుడు ఏడుస్తూ నిజం చెప్పింది. "మాయమ్మకి షుగరు ఉండాది. కాళ్లల్లో స్పర్శ పోయి నాలుగేండ్లయింది. చెప్తే నువ్వు రాళ్లు పెట్టవని చెప్పలా."

అవ్వ తల కూడా ఎత్తలేదు. "అరవబాకే. ఎచ్చగా ఉండాది పాపా. ఎన్నాళ్లకో నా కాళ్లకి ఎచ్చన తెలస్తా ఉండాది" అంది.

సాయంత్రానికి నా రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. నొప్పి మాత్రం లేదు. నన్ను భయపెట్టింది అదే. నెల్లూరులో డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, షుగర్ లేదు, నరాలు బాగున్నాయి అన్నాడు. బొబ్బలు మానాయి గానీ అరచేతుల్లోకి స్పర్శ రాలేదు. మణికట్టు దాటితే అంతా మామూలే. రాళ్లు కట్టి అటక మీద పెట్టేశాను. చేతులే ఆధారంగా బతికేదాన్ని, ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకే తెలుసు.

నెల తర్వాత అవ్వ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చెప్పులు వాకిట్లో వదిలి, గచ్చు చల్లగా తగులుతోందని చిన్నపిల్లలా సంబరపడింది. నేను పొయ్యి మీది టీగిన్నెను గుడ్డ లేకుండా దించాను. అది చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. నా చేతులు తిప్పి మచ్చలు చూసింది.

"నాది నాకిచ్చెయ్ పాపా. ముసిల్దాన్ని, ఇంక నేను యాడికి నడవాల" అంటూ రెండు చేతులూ నా తల మీదికి ఎత్తింది.

నిజం చెప్పాలి. నేను తల వంచాను. నా చేతులు నాకు కావాలనిపించింది. తల వంచేసరికి గచ్చు మీద ఆమె ఒట్టి పాదాలు కనిపించాయి. వేళ్లు కదిలిస్తూ ఆ చల్లదనాన్ని ఇంకా చూసుకుంటూనే ఉంది. ఆమె మెటికలు విరవకముందే ఆ చేతులు పట్టేసుకున్నాను.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆ రోజు అవ్వ చేతులు చాలాసేపు నా చేతుల్లోనే ఉన్నాయి. అవి వెచ్చగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో నాకు తెలియలేదు.