శివయ్య చెప్పిన మంచి

శివయ్యకు ఎవరైనా నువ్వే. ఫారెస్టు రేంజరైనా, చీపుర్లు కొనే సేటైనా, శ్రీశైలం మల్లన్నయినా. మల్లన్నను అల్లుడని పిలుచుకునే చెంచుల్లో పుట్టినవాడికి ‘మీరు’ అనే మాటకు నోరు తిరగలేదు, అవసరమూ పడలేదు. అబద్ధమూ అంతే. అడవిలో అబద్ధం ఎవరికి చెప్పాలి?

పెద్దదోర్నాల పైనున్న గూడెం నుంచి వారానికోసారి కొండచీపుర్ల మూట నెత్తిన పెట్టుకుని రోడ్డు మీదికి దిగేవాడు. మార్కాపురం పోయే మొదటి బస్సు ఎక్కేవాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక భార్య దాసమ్మ తానే పోతానంది గానీ మోకాళ్లు పోనివ్వలేదు. చీపుర్లు అమ్ముడుపోతే తప్ప శివయ్య చేతిలో డబ్బు ఉండదు. ఆ సంగతి ఆ బస్సు కండక్టరు సంధ్యారాణికి తెలుసు.

“ఎక్కు. సాయంత్రం రెండు టికెట్ల డబ్బూ కలిపి ఇద్దువులే,” అనేది.

మొదట్లో తన డబ్బు వేసి టికెట్ కొట్టేది. సాయంత్రం తిరుగు బస్సులో అతను ఇచ్చేసేవాడు. ఒక్కసారీ తప్పలేదు. రాను రాను ఆ పొద్దుటి టికెట్ కూడా సాయంత్రమే కొట్టడం అలవాటైపోయింది. పైసా ఎక్కడికీ పోలేదు. కానీ పొద్దున బస్సులో శివయ్య టికెట్ లేని మనిషే.

ఒక చలి పొద్దున చెకింగ్ జీపు రోడ్డుకు అడ్డంగా ఆగింది. ఇద్దరు ఎక్కారు. ఒకాయన టికెట్ మిషన్ తీసుకున్నాడు. కరుణాకరమనే రెండో ఆయన టికెట్లు చూసుకుంటూ వచ్చి శివయ్య దగ్గర ఆగాడు.

“టికెట్ ఏది తాతా?”

“లేదు.”

“డబ్బులిచ్చినావా?”

“ఇయ్యలే. సాయంత్రమిస్తా.”

సంధ్యారాణి బస్సు ముందు వైపు కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. శివయ్య చూశాడు. పాపం, భయపడుతోంది, నేనే చెప్పాలి అనుకున్నాడు.

“నువ్వు ఆ యమ్మనేమీ అనబాక. బంగారమట్ల మనిషి. నన్నెప్పుడూ ఇట్లనే ఎక్కించుకుంటాది.”

“ఎప్పుడూనా? ఎన్నాళ్ల నుంచి?”

“శానా నాళ్ల నుంచి. నన్నొక్కణ్ణే కాదు, మా గూడెమోళ్లు ఎవరొచ్చినా డబ్బు రేపియ్యిపో అంటాది. అట్లాంటి మనిషి యాడా దొరకదు.”

కరుణాకరం కేకలు వేయలేదు. పక్కన కూర్చుని, తన సీసాలోని నీళ్లు తాగించి, చెప్పిందంతా ఓపిగ్గా రాసుకున్నాడు.

“నీకేం కాదు తాతా. జరిమానా కూడా వద్దులే. ఈడ వేలిముద్రేయి.”

“ఏందిది?”

“నువ్వు చెప్పిందే. ఒక్క ముక్క ఎక్కువ రాయలే.”

“వేయొద్దు శివయ్యా,” అంది సంధ్యారాణి. “నీ జరిమానా నేను కడతా.”

“నువ్వు మధ్యలో రాబాకమ్మా,” అన్నాడు కరుణాకరం, అదే మెత్తటి గొంతుతో.

వెనక సీటాయనకు కోర్టు వాయిదా ఉంది. “వేసేయరాదా పెద్దాయనా. నీ వేలేమన్నా అరిగిపోతాదా?” అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

టికెట్ లేకుండా దొరికినవాడు జరిమానా కట్టాలి, రసీదు తీసుకోవాలి. అంతకు మించి నోరు విప్పమని, కాగితం మీద వేలు వేయమని బలవంతపెట్టే హక్కు చెకింగ్ వాళ్లకు లేదు. వేయను అంటే సరిపోయేది. ఈ సంగతి ఆ బస్సులో ఒకరిద్దరికైనా తెలిసే ఉంటుంది. వాళ్లు గడియారం చూసుకున్నారు.

శివయ్య సంధ్యారాణి వైపు తిరిగాడు. “జరిమానా వద్దంటాండు గదమ్మా. నీ గురించి అంతా మంచే చెప్పినా,” అని వేలు వేశాడు.

పై వారం బస్సులో వేరే కండక్టరు ఉన్నాడు. ఆ యమ్మ ఏదని శివయ్య డ్రైవరు నరసింహులును అడిగాడు.

“ఆమెను పనిలో నుంచి ఆపేసినారు. నువ్వేసిన వేలికే.”

“నేను మంచి చెప్పినా గదా.”

“ఆ మంచే రాసుకున్నారు సామీ.”

ఇంకోసారి గట్టిగా చెప్తే వింటారనుకుని, సీసాలో తేనె పట్టుకుని డిపో గేటు దగ్గరికి పోయాడు. వాచ్‌మన్ అంతా విన్నాడు. “ఇప్పుడు నువ్వు లోపలికి పోయి నోరు తెరిస్తే ఇంకో కాగితమవుతాది. ఆమె మీద నీకేమన్నా పగుందా?” అన్నాడు. శివయ్య తేనె అక్కడే పెట్టి వచ్చేశాడు.

ఎండలు ముదిరాక మార్కాపురం కూరగాయల మార్కెట్లో సంధ్యారాణి ఎదురుపడింది. ఖాకీ చొక్కా లేదు. చీర కొంగు, చేతులు తెల్లటి పొడితో ఉన్నాయి. పలకల ఫ్యాక్టరీలో చేరిందట. శివయ్య మూటలోంచి మంచి చీపురుకట్ట ఏరి ముందుకు చాపాడు.

“వద్దు శివయ్యా,” అంది. కోపం లేదు. “నువ్వు మంచోడివే. వద్దని చెప్పినా, వినలే. అంతే.”

ఆ కట్ట అతని చేతిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు శివయ్య బియ్యం తగ్గించుకునైనా పొద్దుటి చార్జీ పంచె కొసన ముడివేసుకుని వస్తాడు. ఎక్కగానే టికెట్ తీసుకుంటాడు. మొన్న మళ్లీ జీపు అడ్డం వచ్చింది. కరుణాకరమే ఎక్కాడు, గుర్తుపట్టాడు.

“బాగున్నావా తాతా?”

శివయ్య టికెట్ చాపాడు.

“ఈ కొత్త కండక్టరు ఎట్లుంటాడు? మంచోడేనా?”

శివయ్య పళ్లు బిగించి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా చాపిన టికెట్ వెనక్కి తీసుకోలేదు.