సోడా కలిపిన సూది

ఆదోనిలో పత్తి మిల్లులకు పోయే దారిలో మాది బొరుగుల ఉగ్గాని బండి. నేను బజ్జీలు వేస్తాను, నా భార్య పక్కన కూర్చుని మిరపకాయలు చీల్చి వాము కూరుతుంది. రెండేళ్లపాటు ఉగ్గాని, బజ్జీలతోపాటు ఒక కథ కూడా వడ్డించాను. చట్నీ మాదిరి, అడిగినవాళ్లకు అడిగినంత.

కథ నాదే. దవడ పన్ను పుచ్చి ఊళ్లో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి పోయాను. పన్ను తీసే ముందు మొద్దుబారడానికి ఆయన చిగురులోకి సూది వేశాడు. మందు దిగుతుంటే భగ్గున మండింది. మిరపకాయలు చీల్చిన చేత్తో కళ్లు నలుపుకున్నా అంత మండదు. ఆయన చెయ్యి తోసేసి, మెడకు కట్టిన గుడ్డతోనే మెట్లు దిగి ఇంటికి పరుగెత్తాను. జరిగింది ఇంతే.

కానీ పొయ్యి దగ్గర నిలబడి చెప్పేటప్పుడు నిజాన్ని ఉత్తగా ఎవరు తింటారు? కొంచెం పిండిలో ముంచి వేయాలి. మొదటి వారం సూది నా చిటికెన వేలంత ఉండేది. దసరా నాటికి జల్లిగరిట కాడంత అయింది. ఎండాకాలం వచ్చేసరికి అది బోరు బండి.

"అన్నా, ఆ బోరు బండి కత సెప్పన్నా" అని హమాలీలు పొద్దున్నే అడిగేవాళ్లు.

"నీళ్లు పడినాయా అన్నా?" అని ఒకడు అందించేవాడు.

"పడకేమప్పా! నా రెండు కండ్లలో రెండించుల నీళ్లు!"

అందరూ నవ్వేవాళ్లు. ఒక్క మనిషి మాత్రం తల వంచుకుని మిరపకాయలు చీలుస్తూ ఉండేది. ఆమె నవ్వడం లేదని నేను చూసుకోలేదు. ఇంట్లో మనిషి నవ్వకపోతే పాత కథ కదా అనుకుంటాం.

ఆమె ఎడమ పక్కనే నములుతోందని కూడా చూసుకోలేదు. లవంగాల డబ్బా ఖాళీ అవుతుంటే పలావు కోసం అనుకున్నాను. మా ఇంట్లో పలావు ఎప్పుడు వండారని ఒక్కసారైనా ఆలోచించాలి కదా! ఒకరోజు పొద్దున లేచేసరికి ఆమె కుడి చెంప పొంగిన బూరెలా ఉంది, ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రికి తీసుకుపోయాను. మాత్రలతో వారానికి వాపు దిగింది. కానీ డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: ఆ పన్ను ఉన్నంతకాలం వాపు మళ్లీ వస్తుంది, ఈసారి చీము మెడలోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది, ఆలస్యం చేయకుండా పన్ను తీయించు.

ఇంటికొచ్చి ఆమెకు అదే చెప్పాను.

"నేను పోను" అంది.

"ఏంటికి పోవుమే?"

"ఆ బోరు బండి ముందర నేను కూకోను."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"మే, అది ఊరికే నవ్వేదానికి సెప్పిన కత."

"కతయితే మెడకు గుడ్డ కట్టుకోని ఏంటికి ఉరికొచ్చినావు? ఆ గుడ్డ నేనే ఉతికినా. నెత్తుటి మరక పోలేదు."

ఊరందరినీ నవ్వించడానికి పెంచిన సూది నా ఇంట్లోనే ఒక మనిషికి గుచ్చుకుందని ఆ రోజు తెలిసింది.

ఎమ్మిగనూరులో మా వదిన ఉంది, నా భార్యకు అక్క. మగ్గం పని చేస్తుంది. విషయం విని ఆమే ఫోన్ చేసింది. "ఈడ ఒక పళ్ల డాక్టరమ్మ ఉంది. సూదిమందులో సోడా కలిపి ఏస్తాది. నాకు మొన్న ఏసింది, మంటనేది లేదు."

సోడానా? నేను రోజూ పిండిలో వేసేది అదే కదా. వదిన కూడా కథలు మొదలుపెట్టింది అనుకున్నాను. నా భార్య మాత్రం ఆలోచించి ఒక షరతు పెట్టింది.

"నీ పుచ్చు పన్ను ఇంకా ఆన్నే ఉంది కదా. ముందు నువ్వు ఏపిచ్చుకో. నేను పక్కనుంచి సూస్తా. నోరు తెరిసి ఉంటాది, సెప్పలేవు. మండితే సెయ్యెత్తు. నువ్వు సెయ్యెత్తితే నేను లేసి బస్సెక్కి పోతా. మళ్లా ఈ ఊసెత్తగూడదు."

సరేనన్నాను. వేరే దారి లేదు.

ఎమ్మిగనూరులో డాక్టరమ్మ గది బట్టల అంగడి మీద, మేడ పైన. మా ఇద్దరికీ బీపీ చూసింది, షుగరు ఉందా, మందులేమైనా పడవా అని అడిగింది. తర్వాత నన్ను కుర్చీలో పడుకోబెట్టింది. నా భార్య తలుపు పక్కన స్టూలు మీద, సంచి ఒళ్లో పెట్టుకుని, పరుగుకు సిద్ధంగా కూర్చుంది.

"మేడమ్, అది నిజంగా మా బండిలో ఏసే సోడానేనా?" అని అడిగాను.

"దానికి చుట్టమే అన్నా. ఇది సూదిమందు కోసమని శుభ్రంగా తయారుచేసింది. మొద్దుబార్చే మందు సీసాలో చెడిపోకుండా ఉండాలని దాన్ని కొంచెం పుల్లగా పెడతారు. ఆ పులుపుకే చిగురు మండేది. సోడా చుక్క పడితే పులుపు విరుగుతుంది. మొద్దుబారేది కూడా బిరీన మొద్దుబారుతుంది."

"సోడా ఎక్కువ పడితే?"

"మందు తెల్లగా విరిగిపోతుంది. పారబోయాల్సిందే."

"మాకైతే బజ్జీ నూనె తాగుతాది. మరి కలిపినాక ఎంతసేపు ఉంచొచ్చు?"

"ఉంచకూడదు. కలిపిన వెంటనే వేసేయాలి."

ఆ మాటతో నాకు ఆమె మీద గురి కుదిరింది. సోడా వేసిన పిండిని పక్కనపెట్టి కబుర్లు చెప్పేవాణ్ణి నేను బజ్జీల మనిషిగా ఒప్పుకోను. ఈమెకు పని తెలుసు.

కళ్లు మూసుకున్నాను. చీమ కుట్టినట్టు చురుక్కుమంది. తర్వాత ఎవరో వేలితో నొక్కుతున్నట్టు బరువు. మంట కోసం కాసుకుని ఉన్నాను. రాలేదు. సూది బయటికి తీసేసింది, అప్పుడూ రాలేదు. కాసేపటికి కింది పెదవి దుప్పటి కప్పుకుని పడుకున్నట్టయింది. రెండేళ్లుగా మోస్తున్న భయం దిగిపోయి కళ్లలో నీళ్లొచ్చాయి. ఒక చుక్క జారి చెవిలోకి పోతుంటే తుడుచుకోవడానికి చెయ్యెత్తాను.

ధన్‌మని స్టూలు పడింది.

కళ్లు తెరిచేసరికి నా భార్య లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు. "ఆగుమే!" అని అరిచాననుకున్నాను, నోట్లోంచి ఏదో గాలి వచ్చింది. కుర్చీ దిగి, మెడకు గుడ్డతోనే మెట్లు దిగి రోడ్డు మీదికి ఉరికాను. మళ్లీ అదే పరుగు. ఈసారి పారిపోయేది నేను కాదు, అంతే తేడా.

ఆటో ఎక్కబోతుంటే పట్టుకున్నాను. మండలేదని చెప్పబోతే పెదవి మాట వినలేదు. ఆమె నా మొహం చూసి ఇంకా హడలిపోయింది.

"అయ్యో, నోరు వంకర పోయిందే!"

మాటలతో అయ్యే పని కాదనిపించింది. ఆమె చెయ్యి పట్టుకుని నా గడ్డం మీద పెట్టి, గిల్లమని సైగ చేశాను. మెల్లగా గిల్లింది. నేను కదల్లేదు.

"నొప్పి లేదా?"

తల అడ్డంగా ఊపాను. ఇంకొంచెం గట్టిగా గిల్లింది. తర్వాత గోళ్లు దించి, తిప్పి, "ఇది బోరు బండి కతకు" అని గిల్లింది. "ఇది లవంగాలు సూడనిదానికి." నేను గంగిరెద్దులా నిలబడ్డాను. ఆటోవాడు చూస్తున్నాడు. అప్పుడు నవ్వింది నా భార్య. నెల రోజుల తర్వాత, కుడి చెంపతో సహా.

పైనుంచి డాక్టరమ్మ కేకేసింది. "అన్నా, పన్ను ఈడే ఇడిసిపెట్టి పోతాండావా?"

నా పన్ను ఊడొచ్చింది. తర్వాత ఆమె కూర్చుంది. నేను స్టూలు మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. సూది దిగేటప్పుడు నా వేళ్లను విరిచేస్తుందనుకున్నాను. విరవలేదు. సగంలో పట్టు వదిలేసింది. వదిలిన ఆ చెయ్యి చూశాక నాకు ఊపిరి సరిగ్గా ఆడింది.

తిరుగు బస్సులో ఇద్దరం దూది కొరుక్కుని కూర్చున్నాం. నేను నోరు మూసుకుని చేసిన మొదటి ప్రయాణం అదే. పత్తిచేలు దాటకముందే ఆమె నా భుజం మీద నిద్రపోయింది.

మూడో రోజు బండి పెట్టాం. ఒక హమాలీ "అన్నా, బోరు బండి కత" అన్నాడు.

"ఆయన సెప్పడు. నేను సెప్తా" అంది నా భార్య, మిరపకాయ మీంచి చూపు తిప్పకుండా.

ఆమె కథలో సూది చీమంతే, ఎన్నిసార్లు చెప్పినా పెరగదు. నా గడ్డం మీద గిల్లిన మచ్చ మాత్రం మొదటి రోజు బొరుగు గింజంత ఉండేది. ఇప్పుడు మిరపకాయ బజ్జీ అంత అయింది.