ఒకరి జ్వరానికి ఇంకొకరి సూది

మహాజనులారా, ముందుగా మీ అందరికీ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ వ్యాసంలో ధ్రువతారలేవీ రాలిపోవు. ‘తీరని లోటు’ అనే మాట ఎక్కడా రాదు, ఇప్పుడు వచ్చింది తప్ప. అలాగే మా చర్చి హార్మోనియం మీద కూర్చుని రెండు మెట్లను మూగవి చేసినందుకు పాటల బృందానికి, ప్రార్థన జరుగుతుండగా వాకిట్లోని చెప్పులన్నీ కలగాపులగం చేసినందుకు సంఘానికి, సంఘపెద్దగారు ఎడమకాలికి ఒక రంగు, కుడికాలికి ఒక రంగు తొడుక్కుని పెళ్లికి వెళ్లవలసి వచ్చినందుకు ఆ పెళ్లివారికి కూడా చేతులు జోడిస్తున్నాను. ఇందులో దేనికీ నాకు రవ్వంత పశ్చాత్తాపం లేదని గమనించగలరు.

అసలు వార్త ఏమిటంటే, మా సిస్టరమ్మ పోయింది. జనగామ బస్టాండులో చాయ్ తాగుతుంటే భూపాలపల్లి నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. “తమ్మీ, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ అడిగింది. తెచ్చేసరికి లేదు.” నా చేతిలో చాయ్ ఉంది. తాగాలో పారబొయ్యాలో తెలియక అది చల్లారేదాకా పట్టుకునే నిలబడ్డాను.

సిస్టరమ్మ అంటే మఠంలో ఉండే సిస్టరు అనుకునేరు. సర్కారు దవాఖానలో సూదులు వేసి వేసి రిటైరైన నర్సు. ఆదివారాలు తొర్రూరులో మా చర్చి వెనకాల రేకుల షెడ్డులో పిల్లలకు సండే స్కూల్ నడిపేది. బైబిల్ వాక్యం అప్పజెప్పడానికి లేచిన ప్రతి పిల్లవాడి నుదుటి మీదా ముందు చేయి తిప్పి పెట్టి చూసేది. చల్లగా ఉంటే వాక్యం, వేడిగా ఉంటే ఇల్లు. ఒకసారి నేను వాక్యం రాక, అరగంట ఎండలో నిలబడి నుదురు కాల్చుకుని వచ్చాను. చేయి పెట్టి చూసి, “గిది ఎండ జరం. నీడల కూసుంటె పోతది. వాక్యం చెప్పు” అంది. ఏదైనా ఆలోచించేటప్పుడు మణికట్టును గట్టిగా విదిలించేది, థర్మామీటర్‌లో పాదరసం దించుతున్నట్టు. ఆమె చేయి విదిలించిందంటే పాస్టరయ్య కూడా మాట ఆపేవాడు.

ఇద్దరికీ ఒక పాత తగాదా ఉండేది. ఒకాయన సిలువ మీద చనిపోతే మన పాపాలు ఎట్లా పోతాయన్నది ఆమె ప్రశ్న. చర్చిలో కూర్చుని ఇది అడగడమంటే, ఇంట్లో కూర్చుని పునాది తవ్వడం. అయినా ఆరాధన అయ్యాక మెట్ల మీద చాయ్ తాగుతూ ఇద్దరూ దాన్నే తవ్వేవాళ్లు.

“సిస్టరమ్మా, దవాఖానల ఒకని నెత్తురు ఇంకొకనికి ఎక్కిస్తరు గద. వాడు బతుకుతడు గద. గిది గూడ గంతే” అనేవాడు పాస్టరయ్య.

“నెత్తురిచ్చినోడు సచ్చిపోతడా అయ్యగారూ? పండు తిని, చాయ్ తాగి ఇంటికి పోతడు. ఇచ్చినోడు సస్తడంటె నేను ఆ సూది గుచ్చనే గుచ్చ.”

“కొడుకు తన ఇష్టంతోనే పోయిండమ్మా. బలవంతం లేదు.”

సిస్టరమ్మ చేయి విదిలించింది. “పోయిండు, మంచిదే. ఆయన మీద నాకు ప్రేమనే. కాని నెత్తురు సూస్తెగాని కోపం దిగని తండ్రిని నేను నాయినా అని ఎట్ల పిలువాలె?”

పాస్టరయ్య చాయ్ గ్లాసు మెట్టు మీద పెట్టాడు. “గీ ముచ్చట మెట్ల మీదనే ఉంచుదం సిస్టరమ్మా, లోపలికి తేవద్దు” అన్నాడు. ఆయన మంచివాడు. ఆయనకు ఒక సంఘం ఉంది, దాన్ని నిలబెట్టుకోవాలి. వేదాంతంలో ఎవరిది గెలుపో నేను చెప్పలేను, డిగ్రీలో నాది కామర్స్.

ఇంటర్‌కు వచ్చాక నాకు ఆ రేకుల షెడ్డులో పనేమీ లేదు. అయినా వెనక చాప మీద కూర్చునేవాణ్ణి. భక్తి కాదు, చివర్లో సిస్టరమ్మ పంచే బొబ్బర గుడాలు, అదే గుగ్గిళ్లు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారానికి ఇంకా రెండు వారాలుండగా, మూడో తరగతి పిల్ల ఒకతె లేచి అడిగింది. “సిస్టరమ్మా, తప్పు మనం జేస్తె ఏసయ్యను ఎందుకు కొట్టిండ్రు?”

మెట్ల మీది ముచ్చట తనంతట తానే లోపలికి వచ్చేసింది. సిస్టరమ్మ రెండుసార్లు చేయి విదిలించింది. పిల్లలకు అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

“నాకు గూడ అదే సమజ్ కాలేదు బిడ్డా. గిన్నేండ్లు సూదులేసిన. ఒకనికి జరమొస్తె ఇంకొకనికి సూదేస్తె తగ్గంగ నేనైతె సూడలే. ఇల్లిడిసి పోయిన చిన్నకొడుకు కత చెప్పిన గద? వాడు తిరిగొస్తె తండ్రి ఉరికొచ్చి అలుముకున్నడు. ముందుగాల ఎవలనన్న కొట్టిండా?”

“దూడను కోసిండు సిస్టరమ్మా!” అన్నాను వెనక నుంచి.

“అది కొడుకొచ్చిండని కూరకు కోసిండురా, కోపానికి కాదు. నువ్వు గుడాల కోసమొచ్చినవు, గుడాలు తిను.” మళ్లీ పిల్ల వైపు తిరిగింది. “తప్పు చేసినోడు నోరు తెరిసి చెప్పాలె, తండ్రి మాఫ్ జెయ్యాలె. నడుమ ఇంకొకడు దెబ్బలు తినుడెందుకు? మీ అమ్మ నిన్ను మాఫ్ జెయ్యనీకె మీ తమ్ముని కొడ్తదా?”

“కొడ్తది సిస్టరమ్మా. వాడు పక్కన ఉంటె వానికి గూడ పడ్తయి.”

షెడ్డు రేకులు అదిరేలా నవ్వాం. ఈ మాటలన్నీ ఎవరో ఫోన్లో రికార్డు చేశారు. బుధవారానికల్లా అది చేతులు మారి మారి సంఘం వాట్సాప్ గ్రూపులో పడింది. పిల్లల నవ్వుతో ఆగిపోయిన ఆడియో.

పెద్దలు కూర్చున్నారు. మేమందరం కిటికీ దగ్గర నిలబడ్డాం. “అమ్మా, గిది నీ మాటేనా?” అన్నాడు సంఘపెద్ద, పైన చెప్పిన చెప్పులాయన.

“నా గొంతే. నా మాటే. మొత్తం విన్నరా?”

“మాకు గింతే వచ్చింది.”

పంపినవాణ్ణి పట్టుకుందామని ఒకరు లేస్తే ఆమె ఆపింది. “పిల్లలను అడుగకుండ్రి. అడిగితె భయపడి ఇంకొకని మీద చెప్తరు. తప్పు లేనోనికి దెబ్బలు పడ్తయి.”

సండే స్కూల్‌ను వేరే వాళ్లకు ఇచ్చారు. పాస్టరయ్య తలెత్తకుండా ఆ మాట చెప్పాడు. మట్టల ఆదివారం నాడు పిల్లలు ఈత మట్టలు పట్టుకుని హోసన్నా అంటూ బజారు వెంట నడుస్తుంటే, ఏటా వాళ్ల ముందు నడిచే మనిషి రోడ్డు పక్కన కిరాణా కొట్టు అరుగు మీద నిలబడింది. ప్రతి పిల్లవాడూ దగ్గరికి రాగానే చేయి కొంచెం లేచేది, నుదురు చూద్దామని. మళ్లీ కిందికి దిగేది.

ఆ తర్వాత ఆమె భూపాలపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. నిరుడు ఒకసారి బస్సెక్కి, ఘనపూర్ దాటేదాకా ఆమెకు చెప్పవలసిన ఒకే ఒక్క వాక్యాన్ని కంఠస్థం చేసుకుంటూ వెళ్లాను. మంచంలో ఉంది. నన్ను చూడగానే చేయి తిప్పి నుదుటి మీద పెట్టింది.

“జరం లేదు. మరేందిరా గంత పరేషాన్?”

“ఏం లేదు సిస్టరమ్మా.”

“ఏదో ఉన్నది. నువ్వే చెప్పాలె, నేను సూదేసి తీయలేను.”

మా హాస్టల్ వార్డెన్ పెట్టుడు పళ్లు సాంబారులో దొరికిన కథ చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వింది. కళ్లు తుడుచుకుని, నేను ఇంకేమైనా అంటానేమోనని చాలాసేపు చూసింది. నేను బస్సు టైమైందన్నాను.

పూడ్చడానికి ఆమెను తొర్రూరుకే తెచ్చారు. సమాధుల తోటలో పాస్టరయ్య ప్రసంగం చిన్నదే. “గీమె ప్రశ్నకు నా దగ్గర జవాబున్నదనుకున్న. ఉన్నదనే ఇప్పటికీ నమ్ముత. కాని పిల్లలను దూరం జేసుడు ఆ జవాబు కాదు” అన్నాడు. పాట పాడమని సైగ చేశాడు.

ఇక, మహాజనులారా, నేను నిజంగా చేసిన తప్పు ఒక్కటే. ఆ రికార్డింగ్ అసలు నిడివి ఆరు నిమిషాలు. మీదాకా వచ్చింది నాలుగు. మిగతా రెండు నిమిషాల్లో, నవ్వు ఆగాక, ఆమె పిల్లలతో అన్నది ఇది:

“అయితె సిలువ ఉత్తదేనా అంటరు. కాదు బిడ్డా. వార్డుల ఒక పిల్లకు సూదేస్తున్న. పిల్ల ఒకటే ఏడుపు. తల్లి తన చెయ్యిచ్చి గట్టిగ పట్టుకో అన్నది. పిల్ల గోళ్లు దిగి తల్లి చేతికి నెత్తురొచ్చింది. చెయ్యిచ్చిందని పిల్లకు సూది తప్పలే. కాని నెత్తురొచ్చినా తల్లి చెయ్యి గుంజుకోలే. ఏసయ్య గట్ల. మన సూది ఆయన ఏసుకోలే. మనం గోళ్లు దించినా చెయ్యి గుంజుకోలే.”

అక్కడ ఎవరూ నవ్వలేదు. అందుకని నేను దానికి ముందే కోసి, మా దోస్తుకు పంపాను.